21 పరుగులూ, ఓ రిమోటూ

ఓడిపోయే జట్టుని అభిమానించడానికి కాస్త ఒడుపు కావాలండీ. నాకది 2008లో అబ్బింది. ఐపీఎల్ మొదలైన ఏడాది. అప్పటికి రాష్ట్రం ఒకటే కాబట్టి హైదరాబాదు డెక్కన్ ఛార్జర్స్ అంటే మా ప్రొద్దుటూరు జట్టు కిందే లెక్క. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, అఫ్రిదీ, లక్ష్మణ్... పేర్లు చదివితేనే ఎదుటివాళ్లకి జ్వరం రావాలి. తీరా చూస్తే 14 మ్యాచుల్లో గెలిచినవి రెండు. ఆ రెండూ బయటూళ్లలోనే. ఉప్పల్లో ఆడిన ఏడింటికి ఏడూ పోగొట్టారు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం!

అప్పుడు నేను కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, పరిస్థితి బాలేదనిపించగానే టీవీ కట్టెయ్యడం. ఓడిపోవడం కళ్లారా చూడకపోతే సగం ఓడనట్టే కదా (నవ్వకండి, మీరూ చేసే ఉంటారు).

2009లో ఎన్నికల వల్ల భద్రత కుదరదని ఐపీఎల్‌ని దక్షిణాఫ్రికాకి పట్టుకుపోయారు. మొదటి మ్యాచ్‌లో మనవాళ్లు కోల్‌కతాని 101కే చుట్టేశారు. వరసగా నాలుగు గెలిచారు. రూమ్మేట్లు "మనోళ్లు మారిపోయార్రా" అని పండగ చేసుకున్నారు. నేను మాత్రం నమ్మలేదు. టెస్టింగులో పనిచేసేవాడికి ఓ జబ్బుంటుంది. బగ్గు నాలుగుసార్లు కనబడలేదని క్లోజ్ చేస్తే, ఐదోసారి క్లయింటు ముందే కనబడుతుంది. అన్నట్టే తర్వాత వరసగా మూడు ఓడారు. చెప్పానా?

నిజానికి ఆ రోజుల్లో నాకు దేని మీదా నమ్మకం లేదు. మాంద్యం కాలం. ఫిబ్రవరి నుంచి ప్రాజెక్టు లేక బెంచి మీదున్నాను. ఇంట్లో చెప్పలేదు. "పనెట్లుంది రా" అని నాన్న ఫోన్‌లో అడిగితే "బిజీ నాన్నా" అనేవాణ్ణి. ఇదీ టీవీ కట్టెయ్యడం లాంటిదే అని అప్పుడు తట్టలేదు.

మే 16, శనివారం. ఓట్ల లెక్కింపు రోజు. సెలవు పెట్టి ఊరొచ్చినవాణ్ణి ప్రొద్దుటూరులో బస్సెక్కి, జమ్మలమడుగులో పిన్ని కొడుకుని వెంటేసుకుని, ముద్దనూరు మీదుగా పులివెందులలో మా మామ ఇంటికి పోయాను. పులివెందులలో ఆ రోజు ఎట్లుంటుందో చెప్పాలా! ఊరి ఎమ్మెల్యేనే ముఖ్యమంత్రి, రెండోసారి గెలుస్తున్నాడు. వీధంతా టపాకాయలు. అదే రోజు జొహానెస్‌బర్గులో మనకి మళ్లీ కోల్‌కతాతో మ్యాచ్.

రిమోటు అత్త చేతిలో ఉంది. "ఈడ వైయస్సు గెలుస్తాంటే నీ ఆటేందప్పా మధ్యలో?" అంది. ప్రకటనలొచ్చినప్పుడు మాత్రమే క్రికెట్ పెట్టుకునేట్టు ఒప్పందం. అలా తుంపులు తుంపులుగా చూస్తూ చివరి ఓవరుకొచ్చాం. 161 కొట్టాలి. ఆరు బంతుల్లో 21 మిగిలాయి. మొర్తజా బౌలింగు, రోహిత్ శర్మ బ్యాటింగు.

"ఇంగ కట్టేయ్ అన్నా, అయిపాయ" అన్నాడు మావాడు.

రిమోటు అప్పుడు నా చేతిలోనే ఉంది. పోయినేడాదైతే ఈపాటికి నొక్కేసేవాణ్ణి. బొటనవేలు కదల్లేదు. అప్పటికింకా ఒక్క బంతి కూడా పడలేదు, గమనించండి. ఆ మూడు ఓటముల తర్వాత కూడా వాళ్లు చేతులెత్తెయ్యడం చూళ్లేదు నేను. పది రోజుల క్రితం ఇదే రోహిత్ బౌలింగు చేసి ముంబయి మీద హ్యాట్రిక్ తీశాడు. జట్టు ఎప్పుడు మారిందో నాకు తెలీదు. నేను మారింది మాత్రం ఆ క్షణంలోనే.

తర్వాతది మీకు తెలిసిందే. ఆ ఓవర్లో 26 వచ్చాయి. ఆఖరి బంతి సిక్సర్. మేమిద్దరం పెట్టిన కేకలకి వీధిలోవాళ్లు ఇంకేదో నియోజకవర్గం గెలిచిందనుకుని మరో సరం పేల్చారు. రోహిత్‌కి పులివెందులలో టపాకాయలు కాల్చారని పాపం అతనికి ఇప్పటికీ తెలీదు.

మర్నాడే పంజాబు మీద ఒక్క పరుగు తేడాతో ఓడారు. ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఆఖరి బంతి దాకా చూశాను. ఆ రాత్రే నాన్నకి బెంచి సంగతి చెప్పేశాను. "మూడు నెల్ల నుంచి ఒక్కడివే మోస్తాండావా?" అన్నాడు. అంతే. డెక్కన్ గెలిచిందని నాకు ప్రాజెక్టేం రాలేదు లెండి. కానీ ఆ రాత్రి నిద్రపట్టింది.

ఏడు గెలిచి ఏడు ఓడిన జట్టు సెమీస్‌కి చేరింది. అక్కడ గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 బాదాడు. మే 24న బెంగళూరుతో ఫైనల్లో అదే గిల్‌క్రిస్ట్ సున్నాకి అవుటైనా 143ని కాపాడుకుని 6 పరుగులతో కప్పు కొట్టారు. చిట్టచివరనుంచి మొదటికి, ఏడాదిలో!

2012లో ఆ జట్టే లేకుండా పోయింది. దాని చోట వచ్చిన సన్‌రైజర్స్ కూడా 2023లో ఆఖరిస్థానమే. 2024 మార్చిలో ముంబయి మీద 277 కొట్టిన రాత్రి మా మేనల్లుడు ఫోన్ చేసి "మామా, మనోళ్లు మారిపోయారు" అని గంతులేశాడు. "ఆగప్పా, ఓడిపోయేట్టున్నప్పుడు చెప్పు" అన్నాను. మే 2న రాజస్థాన్ మీద ఆఖరి బంతికి భువనేశ్వర్ వికెట్టు తీసి ఒక్క పరుగుతో గెలిపించాడు. నేనే ఫోన్ చేశాను. వాడు భయపడి రెండోవర్లు ముందే కట్టేసి పడుకున్నాట్ట!

ఆ నెలాఖర్లో చెన్నైలో ఫైనల్. మనవాళ్లు 113కే ఆలౌట్, కోల్‌కతా చేతిలో చిత్తు. వాడికి ఫోన్ చేసి "ఎప్పుడు కట్టేశావురా?" అన్నాను.

"కట్టెయ్యలా మామా. కప్పు వాళ్లకిచ్చేదాకా చూసినా" అన్నాడు.

సరే, వీడికీ అబ్బింది.