వెదురుగొట్టము

దీపావళి వెళ్లిన వెంటనే వచ్చు సదర్ పండుగనాటి ప్రాతఃకాలమున, సికింద్రాబాదు బోయినపల్లిలో నొక యాదవ వృద్ధుని బర్రెల కొట్టమునకు బోయితిని. 1806లో సికందర్ జా పేరు దాల్చిన యీ దండుపట్టణమును జనులు నేటికిని లష్కరనియే పిలుతురు. కొట్టపు వాకిట దున్నపోతు మేను నూనెతో నిగనిగలాడుచుండెను. కొమ్ములకు రంగులు, మెడకు గవ్వల పట్టెడ, కాలికి దిష్టి తగులకుండ నల్లతాడు.

నా చూపు మాత్రము గోడకు వ్రేలాడుచున్న వెదురుగొట్టముపై నిలిచెను. మూరెడు పొడవు, ఏటవాలుగ కోసిన కొన, పశువు నోరు గీరుకొనకుండ నునుపుచేసిన అంచు. పచ్చిమేత యెక్కువై కడుపుబ్బిన బర్రెకు వాము, ఇంగువ నూఱి కలిపిన నూనెను దీనితో పోయుదురట. కడుపులోని నురుగును నూనె విఱుచునని పశువైద్యులును చెప్పుదురు. వృద్ధుడు గొట్టము చేతబట్టి, “తల మరీ పైకెత్తద్దు సారూ, నూనె ఊపిరిల పోతది. ఎడమ చెయ్యి దవడ కింద, గంతే” యని గాలిలోనే చేసి చూపెను.

పుండున పురుగు పడినచో సీతాఫలపుటాకు నూఱి కట్టుట, మాయ పడనిచో వెదురాకు మేపుట, సంధ్యవేళ వేపాకు పొగ వేసి దోమల దోలుట, ఇవన్నియు వృద్ధునకు తల్లి నేర్పినవి. 1992లో మహిళా పశువైద్యులు స్థాపించిన అంత్ర యను సంస్థ సికింద్రాబాదు కేంద్రముగ పల్లెల కేగి, కాపరుల నోట నిలిచియున్న యిట్టి వైద్యమును సేకరించి గ్రంథస్థము చేసినది.

వెనుక వరుసలోని ముసలిబర్రె డొక్కపై కాల్చిన మచ్చ కానవచ్చెను. కొన్న నాటికే యున్నదట. “వాత పెడితే రోగం పారిపోతదని మా తాత అంటుండె. పారిపోయింది రోగం గాదు సారూ, బర్రె. తాడు పట్టింది నేనే, పదేండ్ల పోరగాణ్ని” అని యాయన తల వంచుకొనెను. ఆయన కొట్టమున వాత లేదు. గొంతువాపునకు వానలకు ముందే సూది వేయించును. మఱి నల్లతాడో యని యడిగితిని. “సూది బర్రెకు, తాడు నా మనసుకు” అనెను.

మందలకు మందలనే తుడిచిపెట్టిన ముసర వ్యాధి టీకామందు చలువవలన 2011 నాటికి లోకమునుండియే తొలగినది. కావున పాడిగల వారలారా, వాతల కడ్డీని పారవేయుడు. వెదురుగొట్టము పట్టు తీరు పిల్లలకు నేర్పుడు. నల్లతాడు కట్టినను సూది దినము తప్పకుడు.