ఊట నేల గాదె, ఎండ నేల పాతర

నంద్యాల దాటి మహానంది దారి పట్టగానే తారు రోడ్డులో సగం వడ్లదే. డిసెంబరు ఎండలో పట్టలు పరిచి, ఆడవాళ్లు కాళ్లతో చాళ్లు తీస్తూ వడ్లు తిరగేస్తున్నారు. ఆటో దిగి రెండు గింజలు కొరికి చూశాను. టక్కుమనలేదు, మెత్తగా నలిగాయి. "మిషన్ కోత గదన్నా, నిన్ననే దించినారు. ఇంకా రెండెండలు కావాల" అంది ఒకామె.

ఒకప్పుడు వరి పనల మీదే కొంత ఆరేది. కుప్ప వేశాక ఇంకొంత ఆరి, ఆ తర్వాతే కళ్లానికి వచ్చేది. మిషను ఆ గడువంతా మింగేసింది. ఇరవై శాతం పైచిలుకు తేమతో గింజ ఒక్కపూటలో చేతికొస్తుంది. సర్కారు కొనాలంటే 17 శాతం మించకూడదు. ఆరబోసే చోటు లేనివాడు మడిగట్టు మీదే, అడిగిన ధరకు ఇచ్చేస్తాడు. నాకు బాధ కలిగించేది ఇదే: పండించినవాడి చేతిలో పంట నాలుగు రోజులైనా నిలవడం లేదు.

మహానందిలో కోనేటి నుంచి పొంగిన నీరే చుట్టూ వరిమళ్లకు, అరటితోటలకు పారుతుంది. ఆ పక్క ఊళ్లో ఒక పెద్దాయన తన గాదె చూపించాడు. వెదురుతో అల్లి, పేడమట్టి మెత్తి, రాళ్ల మీద ఎత్తుగా నిలిపింది. ఇప్పుడు లోపల డ్రిప్పు పైపులున్నాయి. పాతర లేదా అని అడిగితే, "ఈడ రొంత తవ్వితే నీళ్లూరతాయి. పాతర యాడ నిలుస్తాది నాయనా? కోయిలకుంట్ల దిక్కు పో" అన్నాడు.

పోయాను. అక్కడ ఒక వీధిలో, మెరక మీద, నాపబండ మూతేసిన జొన్న పాతర చూశాను. అడుగున, గోడల వెంట మందంగా చొప్ప పేర్చి, జొన్నలు నింపి, పైన మళ్లీ చొప్ప వేసి మట్టితో మెత్తేవారట. లోపల గింజ ఊపిరి తీస్తూ ఉన్న ప్రాణవాయువునంతా వాడేసుకుంటుంది, ఇక ముక్కుపురుగు బతకదు. ఆ గాలి మనిషికీ ప్రమాదమే. అందుకే మూత తీశాక చాలాసేపు వదిలేసి, దీపం దించి, అది ఆరకుండా నిలిస్తేనే దిగేవారు. గోడవారన జొన్నకు ముక్కవాసన పట్టేది. ఆ రొట్టె అందరికీ నచ్చేది కాదు. కానీ 1876–78 కరువు చూసిన సీమలో, వానలు తప్పిన ఏడాది పాతర తెరిచి తినగలగడం చిన్న సంగతి కాదు.

ఇదే సూత్రంతో, 1980ల చివర్లో అమెరికా పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కామెరూన్ రైతుల అలసందల కోసం గాలి చొరని సంచుల పద్ధతి రూపొందించారు. బాగా ఆరిన గింజ పోసి బిగించి కడితే చాలు, మందు బిళ్లలతో పని లేదు. ఊట నేలైనా, ఎండ నేలైనా సంచికి ఒకటే. మహానందిలోనే వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడ చేసి చూపించి, ఎరువుల బస్తాలతో పాటు ఆ సంచులూ రైతు సేవా కేంద్రంలో ఇవ్వాలి, అదీ మిషన్లు చేలో దిగకముందే.