పీఎస్టీ ఫైల్లో మన పేట

ముంబై కామాఠీపురాలో బాబాయి పాత కంప్యూటర్. ఔట్‌లుక్ తెరుచుకోనంటోంది.
పాత వెర్షన్లలో, మెయిళ్లన్నీ దాచే పీఎస్టీ ఫైల్ 2 జీబీ దగ్గరికొస్తే పాడయ్యే ప్రమాదం ఎక్కువ.

ముందు ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని (ఇది మాత్రం ఎవరూ మర్చిపోకండి), ఆ కాపీ మీదే ఔట్‌లుక్ మరమ్మతు టూల్ స్కాన్‌పీఎస్టీ నడిపించా.

‘లాస్ట్ అండ్ ఫౌండ్’ ఫోల్డర్లో ఒక్కొక్కటే తేలాయి. ఊళ్లో పొలం కాగితాల స్కాన్లు, శుభలేఖలు, బతుకమ్మ చందాల లెక్కలు...
"ఒరే, మీ తాత గది పగిడీ రసీదురా ఇది!" బాబాయి గొంతు వణికింది. పగిడీ అంటే గది అద్దెకు తీసుకునేటప్పుడు ముందుగా కట్టే సొమ్ము.

బొంబాయి కట్టడాలకు రాళ్లెత్తిన తెలంగాణ కూలీల పేట ఈ కామాఠీపురా. వాళ్లు కట్టినవి నగరమంతా ఉన్నాయి, వాళ్ల గురించి రాసిపెట్టినవే తక్కువ. రేపు పునరాభివృద్ధిలో ఈ చాల్ ఇళ్లు కూడా పోతాయి. అందుకే ఈ మెయిళ్లు నాకు ఆస్తి కాగితాలంత ముఖ్యమనిపించాయి.

మీ ఇళ్లలో పాత మెయిళ్లు ఎవరు దాస్తున్నారు? ఎలా? చెప్పండి.