రైన్ దాటించే పంతులు

స్విట్జర్లాండ్‌లో 2,345 మీటర్ల ఎత్తున ఉన్న టోమా సరస్సును రైన్ నది పుట్టిన చోటుగా చూపిస్తారు. అక్కణ్ణించి ఉత్తర సముద్రం దాకా దాదాపు 1,230 కిలోమీటర్లు. బడిపిల్లల్ని సాంస్కృతిక వినిమయం పేరుతో పరదేశం తీసుకెళ్ళే టీచర్ల పనిని తూచి చూడాలంటే ఈ నది వెంట నడిస్తే చాలు. మొదటి భాగం కంటికి ఇంపుగా ఉంటుంది, మన విషయానికి మాత్రం పెద్దగా పనికిరాదు. షాఫ్‌హౌజన్ దగ్గర నది 150 మీటర్ల వెడల్పున, 23 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. పిల్లలు ఫొటోలు తీసుకుంటారు, టీచరు తలలు లెక్కపెట్టుకుంటాడు, బస్సు కదులుతుంది. వాళ్ళు ఆ దేశంలో ఉన్నంతసేపూ తమలో తామే ఉంటారు. మన హైదరాబాదులోనూ విజయవాడలోనూ కొన్ని బళ్ళు విదేశీ యాత్ర అని ఫీజు కట్టించుకునేది ఇలాంటి దానికే. మూడు పూటలా మన భోజనం దొరుకుతుందని హామీ కూడా ఇస్తారు. యాత్రగా దాన్ని తప్పుపట్టను. వినిమయం అనాలంటే మాత్రం పిల్లవాడు తన జట్టును వదిలి పరాయి ఇంటి గడప దాటాలి. టీచరు వాణ్ణి ఆ గడప దాకా తీసుకెళ్ళి, తాను ఇవతలే ఆగాలి. రైన్ ఒడ్డున గత నూట యాభై ఏళ్ళలో జరిగినదంతా ఈ మాటనే బలపరుస్తోందని నా వాదన.

దగ్గరగా బతికితే మనుషులు వాళ్ళంతట వాళ్ళే కలిసిపోతారనే నమ్మకం బాజెల్ దగ్గరే సడలుతుంది. అక్కడ స్విట్జర్లాండ్, జర్మనీ, ఫ్రాన్స్ మూడూ కలుస్తాయి. ఊరు దాటగానే ఫ్రాన్స్ వైపు ఉనాంగ్‌కీ జర్మనీ వైపు వైల్‌కీ మధ్య 2007లో 248 మీటర్ల వంతెన వేశారు. మనుషులకూ సైకిళ్ళకూ తప్ప కార్లకు దారి లేదు. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు రోజూ తిరుగుతూనే ఉంటారు, సరుకులు కొనుక్కుని ఇంటికెళ్తారు. అంగట్లో చిల్లర పుచ్చుకున్నంత మాత్రాన అవతలివాడు తెలిసిపోడు. అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ సంగతి రాశాడు: రెండు వర్గాలు ఒకచోట తారసపడినంత మాత్రాన దురభిప్రాయం పోదు, ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దానికోసం కలిసి పనిచెయ్యాలి, పైనున్న వ్యవస్థ దన్ను ఉండాలి. వంతెన ఈ నాలుగింటిలో ఒక్కటీ ఇవ్వలేదు. బడి తలుచుకుంటే నాలుగూ ఇవ్వగలదు.

అయితే బడికి అంతటి శక్తి ఉందనడానికి తొలి సాక్ష్యం చేదుగానే ఉంటుంది. ఇవాళ ఫ్రాన్స్ ఒడ్డున ఉన్న స్ట్రాస్‌బూర్ నగరం మీద 1871లో జర్మన్ జెండా ఎగిరింది, 1918లో ఫ్రెంచి జెండా, 1940లో మళ్ళీ జర్మన్ జెండా, 1944లో మళ్ళీ ఫ్రెంచిది. జెండా మారినప్పుడల్లా బడి భాషా మారింది. ఆల్బెర్ బెతానియే అనే చిత్రకారుడు 1887లో వేసిన బొమ్మలో ఒక ఫ్రెంచి పంతులు పటం ముందు నిలబడి, 1871లో జర్మనీకి పోగొట్టుకున్న ఆల్సాస్, లొరేన్‌లను ఒక పిల్లవాడికి చూపిస్తుంటాడు. పటంలో ఆ మేర నల్లగా ఉంటుంది. నది అవతల ఉన్నవాడు ఎవడో ఒక తరానికి నేర్పింది ఇలాంటి తరగతి గదులే. అవతలి ఒడ్డున జర్మన్ పంతుళ్ళూ వాళ్ళ పటాలతో ఇదే పని చేశారు. కాబట్టి స్నేహం నేర్పడం బడి పని కాదు, ఇళ్ళూ కాలమూ చూసుకుంటాయి అనేవాళ్ళకు నా జవాబు ఒకటే: వైరం నేర్పిన చోటికే ఆ బాకీ చెందుతుంది. స్ట్రాస్‌బూర్ ట్రాము 2017 నుంచి నది దాటి జర్మనీ వైపున్న కేల్ దాకా వెళ్తోంది. మంచిదే, టికెట్టూ చవకే. కానీ ట్రాము దిగిన పిల్లవాణ్ణి ఇంట్లోకి రమ్మనడానికి అవతల ఒక మనిషి ఉండాలి.

అలా రమ్మన్నవాళ్ళు యుద్ధం ముగిసిన అయిదేళ్ళకే కనిపిస్తారు. మన్‌హైమ్ దగ్గర రైన్‌లో కలిసే నెకర్ ఉపనది వెంట కొంచెం పైకి వెళ్తే లుడ్విగ్స్‌బుర్గ్ వస్తుంది. 1950లో ఈ ఊరూ ఫ్రాన్స్‌లోని మోంబెలియారూ జంట పట్టణాలయ్యాయి. రెండు దేశాల మధ్య అలాంటి బంధం అదే మొదటిది. మోంబెలియార్ మేయరు ల్యూసియాఁ తారాదాఁ నాజీల బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం చూసి బతికొచ్చిన మనిషి. ఆ మనిషే ముందుగా చెయ్యి చాచాడంటే ఇదేదో అమాయకుల పండగ అనుకోవడానికి వీల్లేదు. మరుసటి ఏడు రైన్ ఒడ్డున లోరెలై కొండ మీద ఐరోపా దేశాల యువత గుడారాలు వేసుకుని కలుసుకుంది. 1962 సెప్టెంబరులో ఫ్రెంచి అధ్యక్షుడు దె గాల్ అదే లుడ్విగ్స్‌బుర్గ్‌లో జర్మన్ యువతను ఉద్దేశించి జర్మన్‌లోనే మాట్లాడాడు. నది బాన్ చేరేముందు కుడి ఒడ్డున రోన్‌డోర్ఫ్ వస్తుంది, అప్పటి జర్మన్ ఛాన్సలర్ అడెనావర్ ఇల్లు అక్కడే. వాళ్ళిద్దరూ 1963 జనవరి 22న ఎలీజే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆ ఏడే ఫ్రాన్స్–జర్మనీ యువజన కార్యాలయం ఏర్పడింది. అప్పటినుంచి దాని సాయంతో 90 లక్షలకు పైగా యువతీయువకులు వినిమయాల్లో పాల్గొన్నారు.

ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది. ఇంత జరిగినా ఫ్రెంచి బళ్ళలో జర్మన్ నేర్చుకునేవాళ్ళు తగ్గారు, పిల్లలు ఎదురుపడితే ఇంగ్లిషులో కానిచ్చేస్తారు, మరి ఫలితం ఏమిటి? ఫలితాన్ని భాషతో కొలవడం దగ్గరే పొరపాటు ఉందనుకుంటాను. వినిమయం పిల్లవాణ్ణి కొన్నాళ్ళు చేతకానివాణ్ణి చేస్తుంది. అవతలి ఇంట్లో అన్నానికి ఎప్పుడు కూర్చోవాలో, బాత్‌రూమ్ ఎంతసేపు వాడొచ్చో, పెద్దవాళ్ళను ఎలా పిలవాలో వాడికి తెలియదు. ఆ ఇరకాటం ఇంగ్లిషుతో పోదు. టీచరు పక్కనే ఉంటే ప్రతిదానికీ ఆయన ముఖం చూస్తాడు. అందుకే ఆ యువజన కార్యాలయం నడిపే వోల్టేర్ కార్యక్రమంలో పిల్లలు ఆరు నెలలు అవతలి ఇంట్లో ఉండి అక్కడి బడికే వెళ్తారు. తరవాతి ఆరు నెలలు అవతలి పిల్లలు వీళ్ళింటికి వస్తారు. ఈ బదులు రావడమే అసలు కిటుకు. నిన్న అతిథిగా ఇబ్బందిపడ్డవాడు ఇవాళ ఇంటివాడై ఇంకొకడి ఇబ్బంది కనిపెట్టాలి. పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లల్ని తెలియని ఇంట్లో వదలడం బాధ్యతేనా అని అమ్మానాన్నలు అడుగుతారు, అడగాలి కూడా. టీచరు శ్రమంతా ప్రయాణానికి ముందే ఎక్కువగా ఉండేది అందుకే: ఎవరికి ఎవరు జోడీ అన్నది తేల్చడం, రెండు కుటుంబాలనూ ముందుగా మాట్లాడించడం, అర్ధరాత్రి ఫోనొచ్చినా ఎత్తడం, కుదరకపోతే మర్నాడే ఇల్లు మార్చడం. వారం, పదిరోజుల బృంద యాత్రలకు ఇంత లోతు రాదన్నది ఒప్పుకోవాల్సిందే. ఆ వారంలోనైనా రెండు మూడు రాత్రులు ఇళ్ళల్లో గడిపితే, అంతా హోటల్లో గడిపిన నెల కంటే నయం.

కొలోన్ దాటాక నది ఫ్యాక్టరీల మధ్య నుంచి పారుతుంది. ఆల్‌పోర్ట్ చెప్పినట్టు కలిసి చెయ్యడానికి పని ఏముందన్న ప్రశ్నకు ఈ నీళ్ళలోనే జవాబు దొరుకుతుంది. 1986 నవంబరు 1న బాజెల్ పక్కన సాండోజ్ కంపెనీ గోదాము తగలబడింది. మంటలార్పిన నీళ్ళతోపాటు పురుగుమందులు నదిలో కలిశాయి, నీరు ఎర్రబడింది, దిగువన ఈల్ చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. ఒక దేశంలో పడిన విషాన్ని నాలుగు దేశాలు అనుభవించాయి. నదిని మళ్ళీ బతికించుకునే పథకం మరుసటి ఏడే అన్ని దేశాలూ కలిసి వేసుకున్నాయి. ఇలాంటి విషయం మీద రెండు దేశాల పిల్లలు జతగా నీటి నమూనాలు తీసి, లెక్కలు పోల్చుకుంటే జానపద నృత్యాల సాయంత్రం కంటే ఎక్కువ జరుగుతుంది. ఆడిపాడవద్దని కాదు; ఆ సాయంత్రం ఒకళ్ళు వేదిక మీదుంటే ఇంకొకళ్ళు కుర్చీల్లో ఉంటారు. నీటి సీసా దగ్గర ఇద్దరూ ఒకే పనిమీద వంగుతారు.

నెదర్లాండ్స్‌లో రైన్ పాయలుగా చీలి, ఎక్కువ నీరు వాల్ అనే పేరుతో రాటర్‌డామ్ వైపు పోతుంది. వినిమయాలు నడిపేవాళ్ళకు ఇంకో పద్ధతి కూడా తెలుసు: ఫ్రెంచి పిల్లలూ జర్మన్ పిల్లలూ ఇద్దరికీ సొంతం కాని మూడోచోట, రాటర్‌డామ్ లాంటి ఊళ్ళో, కలవడం. రాటర్‌డామ్ హాస్టల్లో ఎవరూ అతిథి కాదు, ఎవరూ ఇంటివాడు కాదు. ఆల్‌పోర్ట్ అడిగిన సమాన హోదా అక్కడ వెతక్కుండానే దొరుకుతుంది. అయినా మొదటి భోజనానికే ఫ్రెంచి బల్ల ఒకటి, జర్మన్ బల్ల ఒకటి తయారవుతాయి. గిన్నెలు తోమే వంతుల దగ్గర్నుంచి గదుల పంపకం దాకా ఒక్కో పనికి అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు ఉండేలా ఇద్దరు టీచర్లూ ముందే కూర్చుని జాబితా రాసుకోకపోతే ఆ బల్లలు చివరిరోజు దాకా అలాగే ఉండిపోతాయి. ఇళ్ళకు బదులుగా ఈ పద్ధతి సరిపోతుందని కొందరంటారు, నేననను. మూడోచోట అందరూ సెలవు మీద ఉంటారు; తల్లి కసురుకునే సోమవారం పొద్దుటి ఇల్లు అక్కడ కనిపించదు. వరస నన్ను నిర్ణయించమంటే మొదటి ఏడు రాటర్‌డామ్ పెడతాను, జోడీలు కుదిరాక రెండో ఏడు ఇళ్ళకు పంపుతాను.