ఎడారి మజిలీలో నూట యాభై లీటర్లు

ఫిఖ్ గ్రంథాలు సాధారణంగా తహారత్ అధ్యాయంతోనే మొదలవుతాయి. అందుచేత ముప్పై ఏళ్ళుగా ప్రతి విద్యాసంవత్సరారంభంలో నేను విద్యార్థులకు నీళ్ళ గురించే చెబుతూ వచ్చాను. వాన నీరు, బావి నీరు, పారే నీరు, నిలిచిన నీరు, వీటిలో ఏది దేనిని శుద్ధి చేయగలదో వివరించాను. కాని నీరు ఎంత బరువుంటుందో, ఎంత త్వరగా తరిగిపోతుందో గడచిన జనవరిలో అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఐదు రాత్రులు గడిపేదాకా నాకు తెలియలేదు. తెలియలేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. చిన్నతనంలో తెలుసు, తరువాత మరచిపోయాను.

మా అబ్బాయి ఫీనిక్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మేము వెళ్ళినప్పుడు పిల్లల సరదా కోసం ఒక మోటార్‌హోమ్ అద్దెకు తీసుకున్నాడు. అది చక్రాల మీద కట్టిన చిన్న ఇల్లు. అందులో వంటగట్టు, పడకలు, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. ఇటువంటి వాహనాలు నిలుపుకొనే విడిది స్థలాలు ఆ దేశంలో అనేకం. అక్కడ కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు మూడూ ఇస్తారు. అవేవీ లేని ప్రభుత్వ బీడుభూములలో నిలుపుకొని ఉండేవారు కూడా వేలాదిగా ఉన్నారు. అలా ఉండేవారికి బండిలోని ట్యాంకే బావి, ట్యాంకే చెరువు. మా బండిలో మంచినీటి ట్యాంకు 40 గ్యాలన్లది, అంటే సుమారు 150 లీటర్లు. మనుషులం ఆరుగురం: నేను, నా భార్య, అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు.

మేము వెళ్ళిన ఊరి పేరు క్వార్ట్‌జైట్. ఫీనిక్స్‌కు పడమరగా సుమారు 200 కిలోమీటర్లు. 2020 జనగణన ప్రకారం అక్కడి స్థిర జనాభా 2,400 చిల్లర మాత్రమే. శీతాకాలం వచ్చేసరికి మంచుదేశాల నుండి లక్షల సంఖ్యలో జనం తమ చక్రాల ఇళ్ళతో వచ్చి ఊరి చుట్టూ ఉన్న ఎడారిలో దిగుతారు. కొన్ని చోట్ల పద్నాలుగు రోజుల దాకా రుసుము కూడా లేదు. ఆ రాళ్ళనేల మీద, ముళ్ళపొదల నడుమ, కనుచూపు మేర తెల్లని వాహనాలు నిలిచి ఉన్న దృశ్యం నాకు మినా మైదానపు గుడారాలను జ్ఞాపకం చేసింది.

ఆ ఊరి శ్మశానంలో ఒక ముస్లిం పేరు వినిపిస్తుందని మా అబ్బాయి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. వెళ్ళి చూశాము. రాళ్ళతో పిరమిడ్ ఆకారంలో కట్టిన సమాధి, దాని శిఖరాన రాగి ఒంటె. అమెరికా సైన్యం ఎడారులలో సామాను మోయించడానికి 1856లో సముద్రం మీదుగా ఒంటెలను తెప్పించినప్పుడు, వాటితో వచ్చిన ఒంటెకాపరులలో ఒకరైన హాజీ అలీ సమాధి అది. అక్కడివారికి ఆ పేరు నోరు తిరగక 'హై జాలీ' అయింది. ఆయన 1902లో ఇక్కడే చనిపోయారు. 1935లో రహదారుల శాఖ ఆ స్మారకం కట్టించింది. 1857లో ఆ ఒంటెలు కొలరాడో నది దాకా సాగించిన ప్రయాణంలో తమ దాహాన్ని ఓర్చుకుంటూ కంచరగాడిదల కోసం నీటి పీపాలు మోశాయట. ఆ సంగతి విని నా మనవరాలు, "దాదా, మన బండి కూడా ఒంటేనా?" అని అడిగింది. నవ్వుకున్నాము. ఆ ప్రశ్నకు సమాధానం మూడోనాటి ఉదయం దొరికింది.

ఫజ్ర్‌కు లేచి కుళాయి విప్పాను. నీరు రాలేదు. నేల కింద నుండి పంపు ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతోంది. మా అబ్బాయి లేచి వచ్చి దాని మీట ఆపాడు. "పంపు నీళ్ళు లేక తిరుగుతోంది అబ్బాజాన్, ట్యాంకు ఖాళీ అయింది" అన్నాడు. ఆ గొంతులో విసుగు లేదు. విసుగు ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. తాగడానికి విడిగా పెట్టుకున్న సీసాలలో ఒక అర లీటరు సీసా నా చేతికిచ్చాడు. తయమ్ముమ్ షరతుల గురించి ఆ చీకట్లో నా మనసులో సాగిన తర్కాన్ని ఇక్కడ వ్రాయను. అది తరగతి గదికి చెందినది. బయట చలిలో నిలబడి ఆ సీసాతోనే వుజూ చేశాను. ఏ అవయవమూ పొడిగా మిగలలేదు. చివరికి సీసా అడుగున ఒక గుక్కెడు నీరు కూడా మిగిలింది.

తెల్లవారాక కూర్చుని లెక్క వేశాను. ఆ కుళాయి నుండి నిమిషానికి నాలుగైదు లీటర్ల నీరు వస్తుంది. నేను వుజూకు కూర్చుంటే రెండు మూడు నిమిషాలు. అంతసేపూ కుళాయి విప్పే ఉంటుంది. మద్రసా వుజూఖానాలో అలవాటైన పద్ధతి అది. అంటే ఒక్కొక్క వుజూకు పది లీటర్లు. వచ్చిన మధ్యాహ్నం నుండి తొమ్మిది సార్లు చేశాను. నూట యాభై లీటర్లలో తొంభై నేనొక్కడినే వాడాను. మిగతా ఐదుగురికి మిగిలింది అరవై.

అప్పుడు కొన్ని సంగతులు అర్థమయ్యాయి. కోడలు కాగితపు పళ్ళేలలో ఎందుకు వడ్డిస్తున్నదో, పిల్లల ముఖాలను తడిగుడ్డతో ఎందుకు తుడుస్తున్నదో, రెండు రోజులుగా ఎవరూ స్నానం మాటెందుకు ఎత్తలేదో తెలిసింది. మొదటి సాయంత్రమే సూచిక దీపం మూడింట రెండు వంతులకు దిగడం ఆమె చూసింది. నా భార్యకు కూడా చెప్పిందట. మామగారి వుజూ నీళ్ళు లెక్కపెట్టడం ఎలా అని ఇద్దరూ ఊరుకున్నారు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారన్న హదీసును నేను ఏటా చదివిస్తాను. ముద్ అంటే మధ్యస్థ దేహం గల మనిషి దోసెడు ధాన్యం పట్టే కొలత. నీటి లెక్కలో ముప్పాతిక లీటరు అటూ ఇటూ. ఫిఖ్ పండితుల మధ్య ఆ పరిమాణం గురించి ఉన్న భేదాన్ని కూడా వివరంగా చెబుతాను. ఒక్కసారైనా పాత్రలో పోసి చూపించలేదు, చూసుకోలేదు.

పక్కన కెనడా నుండి వచ్చిన వృద్ధ దంపతులు ఉన్నారు. పదేళ్ళుగా ప్రతి శీతాకాలం ఇక్కడికే వస్తున్నారట. మా అబ్బాయి వెళ్ళి నీటి డబ్బాలు అడిగితే ఆ పెద్దాయన డబ్బాలు ఇవ్వకుండా ముందు ఒక ప్రశ్న వేశాడు: "వాడిన నీటి ట్యాంకు ఎంత నిండింది?" అది మాకు తట్టనే లేదు. ఇంట్లో వాడిన నీరు కాలువలోకి పోతుంది, మన కంటికి కనిపించదు. బండిలో ప్రతి చుక్కా కింద ఉన్న మరో ట్యాంకులోకి దిగుతుంది. మరుగుదొడ్డిది మూడో ట్యాంకు. నా తొంభై లీటర్లు ఎక్కడికీ పోలేదు, నా పాదాల కిందనే ఉన్నాయి! ఆ ట్యాంకు నిండి ఉండగా పైన మంచినీరు పోసుకుని ప్రయోజనం లేదు. దాన్ని ఎడారి నేల మీద వదలడం పొరుగువారికి, ఆ తరువాత వచ్చేవారికి చేసే అన్యాయం. కనుక ఆనాడు బండిని కదిలించక తప్పలేదు. బయట పరచిన చాపలు, కుర్చీలు, పందిరి గుడ్డ అన్నీ మడిచి, అలమారాలు మూసి బయలుదేరడానికి గంటకు పైగా పట్టింది.

పెద్దాయన తన బండిలో మా ముందు నడిచి దారి చూపాడు. నీరు నింపే చోట రెండు రకాల కుళాయిలు ఉన్నాయి. ఒకటి తాగునీటిది. రెండవది మురుగు గొట్టాలు కడుక్కోవడానికి. తాగరాదని దానిపై వ్రాసి ఉంది. చూడడానికి రెండింటికీ తేడా లేదు. ముందు మంచినీరు, ఆ తరువాతే మురుగు అన్నాడాయన. మురుగు గొట్టం ముట్టిన చేయి మంచినీటి గొట్టాన్ని ముట్టకూడదట. తాగునీటి కుళాయి మూతిని కూడా బ్లీచింగు ద్రావకంలో తడిపిన గుడ్డతో తుడిచి, కాసేపు నీరు వదిలి, అప్పుడు గొట్టం బిగించాడు. ఆ గొట్టం తాగునీటికే ప్రత్యేకించినది, తెల్లనిది. దాచేటప్పుడు దాని రెండు కొసలనూ ఒకదానితో ఒకటి బిగిస్తాడు, పురుగూ దుమ్మూ లోపలికి పోకుండా. నజాసత్ అధ్యాయం చదవని మనిషి ఇంత నిష్ఠగా ఉండడం నాకు ముచ్చట గొలిపింది.

నింపడంలో కూడా ఒక మెళకువ ఉంది. మా అబ్బాయి గొట్టాన్ని ట్యాంకు మూతిలోకి పూర్తిగా జొనిపేసరికి నీరు ఎగదన్ని అతని చొక్కా తడిసింది. లోపలి గాలి బయటికి రావడానికి సందు వదలాలి. సూచిక దీపాలను నమ్మవద్దని కూడా పెద్దాయన అన్నాడు. ట్యాంకు గోడలకు పాచి పడితే అవి అబద్ధం చెబుతాయి. చాలాకాలం వాడకుండా ఉన్న ట్యాంకునైతే ముందుగా శుద్ధి చేయాలి. ప్రతి 15 గ్యాలన్లకు పావు కప్పు వాసన లేని బ్లీచింగు ద్రావకం కలిపి, ప్రతి కుళాయిలోకీ ఆ నీరు వచ్చేదాకా పారించి, కొన్ని గంటలు అలా ఉంచి, తరువాత పూర్తిగా కడిగివేయాలి. అద్దె బండిని తెచ్చిన రోజున మేము ఇదేదీ అడగలేదు.

తిరిగి వచ్చాక నేను వుజూ చేసే చోటు మార్చాను. మా నాన్నగారి తరంలో, కడప జిల్లాలోని మా పల్లెలో ఇంటింటా బధ్నా ఉండేది. కొమ్ము ఉన్న మట్టిదో, రాగిదో. అమ్మ అర మైలు దూరపు బావి నుండి తెచ్చిన బిందెలోంచి దాన్ని నింపేది. ఎవరు ఎక్కువ పోసుకున్నా ఆమెకు తెలిసిపోయేది, ఎందుకంటే మళ్ళీ మోయవలసింది ఆమే. మసీదుకు కుళాయిలు వచ్చిన ఏడు అందరం సంతోషించాము. బధ్నాలు అటకెక్కాయి. ఆ ఎడారిలో బధ్నా దొరకదు కనుక మనవరాలు తన నీళ్ళ సీసా మూతకు రంధ్రం చేసి ఇచ్చింది. ప్రతి నమాజుకు ముందు అందులో ముప్పాతిక లీటరు తానే కొలిచి పోసేది, ఒక గీత కూడా గీసింది. గీత దాటి పోయమంటే ఒప్పుకునేది కాదు.

ఐదవ రోజున మాత్రం పెద్దాయన డబ్బాలు పనికివచ్చాయి. ఒక్కొక్కటి 6 గ్యాలన్లది, నిండితే దాదాపు 23 కిలోలు. ఆయన ట్రక్కులో ఊళ్ళోకి వెళ్ళి రెండు నింపి తెచ్చాము. బండి మూతి నా భుజమంత ఎత్తు. అంత బరువు ఎత్తి పోయడం నా నడుముకు సాధ్యం కాలేదు. బ్యాటరీతో నడిచే చిన్న పంపు తగిలించి ఐదారు నిమిషాలలో ఎక్కించాడాయన. రుసుము ఇవ్వబోతే తీసుకోలేదు. కోడలు చేసిన ఖీమా సమోసాలు మాత్రం ఇష్టంగా తీసుకున్నాడు.

వెనక్కి వచ్చేటప్పటికి ట్యాంకులో మూడో వంతు నీరు మిగిలి ఉంది. బండి అప్పగించే ముందు ఖాళీ చేయాలి. ఇంటి ముందు ఆపి మా అబ్బాయి అడుగు మర విప్పబోతుండగా కోడలు లోపలి నుండి రెండు బకెట్లు తెచ్చింది. పిల్లలతో కలిసి, ఒక్కొక్క బకెట్ పట్టి, పెరట్లోని నిమ్మచెట్టు మొదట్లో పోయించింది.