ఏ విండోస్ అని కాదు, ఎవరికి అని

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి గడువు తీరింది. ఆ రోజుతో కంప్యూటర్లేమీ ఆగిపోలేదు, మామూలుగానే నడుస్తున్నాయి. కాకపోతే దొంగలు దూరే కంతలు బయటపడ్డప్పుడల్లా మైక్రోసాఫ్ట్ వాళ్లు ఊరికే పంపే మరమ్మతులు అక్కడితో ఆగాయి. తలుపుంది, గడియ ఉంది, కానీ గడియ ఊడితే బిగించే మనిషి ఇక రాడన్నమాట.

మాది 2017లో కొన్న డెస్క్‌టాప్. ఇంటెల్ ఐ5, ఏడో తరం, 8 జీబీ ర్యామ్, పాతరకం హార్డ్ డిస్క్. గడువు సంగతి తెలిశాక ఇంట్లో తలో మాట. "బాగానే పనిచేస్తోందిగా, వదిలెయ్" అన్నారు మా వారు. "పదకొండు వేసేద్దాం అమ్మా, అడ్డదారి ఉంది, యూట్యూబ్‌లో చూశా" అన్నాడు ఇంటర్ చదివే మా అబ్బాయి. వీధి చివర షాపతనైతే "ఇదింక పాతసామానుకే మేడమ్. కొత్తది తీసుకోండి, ప్రో వెర్షన్ వేసిస్తా" అన్నాడు. మా మామయ్యగారు మాత్రం అప్పుడేమీ మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగారు, "అమ్మాయ్, కొత్తది వేస్తే నా రాతలు ఉంటాయా?" అని.

ఆయన తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక డీటీపీ నేర్చుకున్నారు. అప్పట్నుంచీ వాళ్ల ఊరి సంగతులు టైపు చేస్తూనే ఉన్నారు. చెరువు ఎప్పుడు తెగింది, ఏ ఇంటి ఆడపడుచుని ఏ ఊరిచ్చారు, ఏ పండక్కి ఎవరింట్లో ఏం వండేవారు... అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. మిగతా ముగ్గురూ ఏది కొత్తది, ఏది చవక అని మాట్లాడారు. ఎవరి పనికి అన్నది ఈయన ప్రశ్నలోనే ఉంది.

మర్నాడు పాల లెక్క పుస్తకంలో చివరి పేజీ తీసి, ఆ కంప్యూటర్ మీద ఎవరేం చేస్తామో రాశాను. నేను: కరెంటు బిల్లు, బ్యాంకు, ఇంటి ఖర్చుల ఎక్సెల్, అమ్మ ఇన్సూరెన్సు కాగితాల స్కానింగు. మా వారు: ఏడాదికోసారి పన్ను రిటర్ను. అబ్బాయి: ఆన్‌లైన్ క్లాసులు, ప్రింట్లు. మామయ్యగారు: రోజూ పొద్దున్న రెండు గంటలు. చూస్తే దాని ముందు ఎక్కువ కూర్చునేది నేనూ, ఆయనా. సలహాలు చెప్పినవాళ్లలో మేమిద్దరం లేము!

ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కో మాటా తూచాను.

వదిలెయ్యడం కుదరదు. బ్యాంకు పని చేసేది దాంట్లోనే.

పదకొండు సంగతి చూద్దాం అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపాను. పదకొండుకి 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా చాలు, అవి మాకున్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. చాలా కంప్యూటర్లలో అది ఉండీ బయాస్‌లో ఆపేసి ఉంటుంది, ఆన్ చేసుకోవచ్చు. మాకు అడ్డుపడింది ప్రాసెసర్. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి తీసుకుంటారట, మాది ఏడు. అడ్డదారిలో వేస్తే పడుతుంది కానీ, అలాంటి కంప్యూటర్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. "ఒరే, అప్‌డేట్ల కోసమేగా మారేది, అవి వస్తాయో రావో తెలీని దారెందుకురా?" అన్నాను. వాడికీ నిజమే అనిపించింది.

షాపతను చెప్పిన ప్రో గురించి కూడా తెలుసుకున్నాను. ఇంకో చోటి నుంచి మన కంప్యూటర్లోకి దిగి పనిచేసుకునే రిమోట్ డెస్క్‌టాప్, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ పూర్తి సౌకర్యాలు, ఆఫీసు నెట్‌వర్కులో కలిపే ఏర్పాటు, ఇవీ ప్రోలో అదనం. బిల్లులు కట్టుకునే, పాఠాలు వినే ఇంటికి హోమ్ చాలు. పైగా షాపతను వేసిస్తానన్నంత మాత్రాన లైసెన్సు వచ్చినట్టు కాదు, బిల్లులో రాయించుకోవాలి. ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇంకోటి చూసుకోండి. కొన్నింట్లో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంటుంది. తెరమీద మెనూలు ఒక్క భాషలోనే ఉంటాయి, తెలుగు టైపింగుకి మాత్రం అడ్డేమీ లేదు.

లినక్స్ మింట్ కూడా ప్రయత్నించాను. డబ్బు కట్టక్కర్లేదు, పెన్ డ్రైవ్‌లోంచే నడిపి చూడొచ్చు, లోపల ఉన్నవాటిని ముట్టుకోదు. బ్రౌజరూ, ఖర్చుల లెక్కా హాయిగా నడిచాయి. నా ఒక్కదానికైతే అదే చాలు. కానీ విండోస్ కోసం చేసిన పేజ్‌మేకర్ అందులో నేరుగా నడవదు.

అసలు చిక్కంతా అక్కడే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. అను ఫాంట్లలో రాసింది యూనికోడ్ కాదు, ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. పైగా ఆయన వేళ్లకి అలవాటైంది యాపిల్ కీబోర్డు వరస. విండోస్‌తో వచ్చే తెలుగు ఇన్‌స్క్రిప్టు, ఫొనెటిక్ వరసలు వేరు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని మళ్లీ అఆలు దిద్దమనడం నాకు మనసొప్పలేదు.

అందుకని ఏడాది ఆగుదామన్నాను. విండోస్ 10 వాడే ఇళ్లకి 2026 అక్టోబరు 13 వరకూ భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్టింగులు బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు ఉంటుంది. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 మీద ఉండాలి. నెమ్మది పోవడానికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఒక ఎస్ఎస్‌డీ తెచ్చి వేయించాం. పాతసామాను అన్నది కాస్తా చకచకా తెరుచుకుంటోంది.

దానికన్నా ముందు చేసిన పని, మామయ్యగారి ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేసి, పేజీలన్నీ ఫాంటు ఇమిడి ఉండేలా పీడీఎఫ్‌లు చెయ్యడం. ఇప్పుడు రోజూ సాయంత్రం టీ తాగాక ఒక్కో అధ్యాయం యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. మార్చే ప్రోగ్రామ్ ఒత్తులు అక్కడక్కడా తారుమారు చేస్తుంది. ఆయన ప్రింటు చూసి చదువుతారు, నేను తెరమీద దిద్దుతాను.

పోయిన వారం అందులో మా అత్తగారి గురించి నాలుగు పేజీలొచ్చాయి. ఆవిడ పోయి ఆరేళ్లు. మాగాయకి ముక్కలు ఎన్నాళ్లు ఎండబెట్టేవారో, ఎంత ఉప్పు వేసేవారో ఆయన చూసి రాసిపెట్టారు. నేను ఆవిడని ఎప్పుడూ అడిగి రాసుకోలేదు. చదువుతూ చదువుతూ ఆయన గొంతు ఆగిపోయింది, "ఇది రేపు చేద్దాంలే అమ్మా" అన్నారు. సరేనని ఫైలు సేవ్ చేసి లేచాను.

వచ్చే ఏడాది విండోస్ 11 హోమ్‌తో కొత్తది కొంటాం. బ్యాంకు, క్లాసులు అన్నీ దాన్లోకి వెళ్తాయి. పాతదాన్ని మాత్రం అమ్మం. నెట్ తీసేసి మామయ్యగారి గదిలో టైపుమిషనులా పెడతాం. నెట్టే లేనప్పుడు అప్‌డేట్లు రాకపోయినా అంత భయం లేదు, బయటి పెన్ డ్రైవులు పెట్టకుండా చూసుకుంటే చాలు.

మీ ఇంట్లో ఇదే చర్చ నడుస్తుంటే, షాపుకి బయల్దేరే ముందు ఎవరు ఏ పని చేస్తారో ఒక కాగితం మీద రాయండి. పాత ప్రింటరూ, స్కానరూ కొత్తదాంట్లో పనిచేస్తాయా అని వాటి కంపెనీ సైటులో చూడండి. మూల కూర్చుని ఏమీ మాట్లాడని పెద్దవాళ్లని కూడా అడగండి, ఆ కంప్యూటర్లో వాళ్లవేమున్నాయని. ముందు అవి కాపీ చేసి, తర్వాత వెర్షన్ సంగతి చూడండి.