పెంకులు దింపకముందే

వజ్రపుకొత్తూరు

బావా,

పోర్ట్‌బ్లెయిర్ నుంచి నువ్వు పంపిన ప్లాను ఫోన్లో చూశాం. కింద హాలు, పైన గదులు, ముందు పోర్టికో... బాగుంది. చెల్లి కోరినట్టు వంటిల్లు కూడా పెద్దదే వచ్చింది. పెంకులు దింపడానికి మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. నేనే ఆపాను, కోప్పడకు. పాత ఇల్లు నిలబడి ఉండగానే సర్వే చేయించాలి. ఒకసారి పడగొట్టాక కొలవడానికి ఏముంటుంది, ఖాళీ జాగా తప్ప!

"దస్తావేజు ఉంది కదా, మళ్లీ సర్వే ఏటి?" అన్నావు. తీసి చదివాను. తూర్పు వీధి, దక్షిణం మీ చిన్నాన్న ఇల్లు, ఉత్తరం సందు, పడమర పనస చెట్టు. ఆ పనస చెట్టేదీ? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పట్టుకుపోయింది. కూలిన కొబ్బరికీ జీడికీ అధికారులు లెక్క రాసుకున్నారు. ఆ చెట్లతో పాటు పోయిన హద్దులకి లెక్కెవరు రాస్తారు?

సచివాలయంలో సర్వేయరుని కలిశాను. కుర్రాడు మంచోడే, ఉన్నదున్నట్టు చెప్పాడు. మన వీధంతా గ్రామకంఠం. పొలాల కొలతల పుస్తకం, అదే ఎఫ్‌ఎంబీ, పటంలో గ్రామకంఠం చుట్టూ గీత ఉంటుంది గానీ లోపల ఎవరి ఇల్లు ఎందాకో ఉండదు. హద్దు కొలవమని ఎఫ్-లైన్‌కి అర్జీ పెడితే జీడితోట గట్టు తేలుతుంది, ఇంటి గోడ తేలదు. పైగా పాత కొలతలన్నీ గొలుసువి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. అంటే లింకు ఎనిమిది అంగుళాలకి ఓ పిసరు తక్కువ. తోటలో ఒక లింకు అటూ ఇటూ అయితే ఎవడికీ పట్టదు. మన వీధిలో అది గోడలో సగం.

డ్రోన్ల సంగతీ అడిగాను. ఊళ్లలోని ఇళ్లు కొలిచి ఆస్తి కార్డులిస్తామని కేంద్రం 2020 ఏప్రిల్లో స్వామిత్వ పథకం పెట్టింది. అదే ఏడు డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మన రాష్ట్రం రీసర్వే మొదలెట్టింది. తర్వాత హద్దు రాళ్ల మీద ఎవరి బొమ్మ ఉండాలన్న గొడవ నీకూ తెలిసిందే. కార్డు ఎప్పుడొచ్చినా మంచిదే, కాదనను. కానీ డ్రోనుకి పైనుంచి కనబడేది కప్పే. ఇళ్లు చాలావరకు గోడా గోడా కలిసున్న మన వీధిలో, కప్పు కింది గోడ ఎవరిదో దానికేం తెలుస్తుంది?

అందుకని కాశీబుగ్గ నుంచి ప్రైవేటు సర్వేయరుని పిలిపించాను. కొలిచే యంత్రం, టోటల్ స్టేషన్, వీధిలో నిలబెట్టేసరికి పిల్లలంతా పోగయ్యారు, సినిమా తీస్తున్నారనుకున్నారు. అతను వీధి కొలత అయ్యాక నేరుగా అటకెక్కాడు. మధ్యగోడలోకి మీ దూలాలు ఎంత దిగాయో, అటునుంచి మీ చిన్నాన్నవి ఎంత దిగాయో సన్న ఊచ దూర్చి చూశాడు. ముందు గదుల్లో చెరి సగం. వంటింటి దగ్గర మాత్రం మీ దూలం గోడలోకి దిగనేలేదు, గోడకి ఆనించి వేసిన కర్ర గుంజ మీద ఉంది. గుంజ పొగపట్టి నల్లబడిపోయింది, ఇన్నాళ్లూ మనం చూసినా గమనించలేదు. అంటే ఆ గోడ మీది కాదు. ఉత్తరం పక్క సందులో మీ చూరు నీళ్లు పడి పడి గాడి కట్టిన చార ఉంది చూడు, దాన్నీ కొలిచి ఫోటోలు తీశాడు. సందులో సిమెంటు పోస్తే ఆ చారా ఉండదు.

నీ ఇంజనీరు సరిగ్గా ఆ వంటింటి గోడ మీదే మెట్లు గీశాడు!

సాయంత్రం మీ చిన్నాన్న దగ్గర కూర్చున్నాను. ఆయన ముందే నవ్వేశాడు. "పంపకాలప్పుడు అన్నయ్య దగ్గర డబ్బుల్లేవు, ఆ గోడ నేను కట్టుకున్నాను" అన్నాడు. కాగితం రాసుకుందామంటే సరే అన్నాడు, విశాఖలో ఉన్న కొడుక్కి కూడా చెప్పి చేయమన్నాడు. డయాలసిస్‌కి పలాస తిరుగుతున్నాడు బావా, మనిషి బాగా తగ్గాడు. ఆ పంపకాలు కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే.

నా మాట వింటే మధ్యగోడ జోలికి పోవద్దు. అది అలాగే ఉంచి, మీ వైపు కాస్త లోపలికి జరిపి నీ పిల్లర్లు నువ్వు వేసుకో. హాలు అడుగో అడుగున్నరో తగ్గుతుంది. దూలాలు తీసిన బొక్కలు పూడ్చే ఖర్చు, వాళ్ల వైపు పెంకులు కదిలితే సర్దించే ఖర్చు నీదేనని కాగితంలో రాసెయ్. ఇది సర్కారు సర్వేకి సాటి రాదు, నాకూ తెలుసు. రేపు పిల్లల మధ్య మాటొస్తే చూపడానికి పటం, ఫోటోలు, ఇద్దరి సంతకాలు ఉంటాయి.

పటం రేపు వాట్సాప్‌లో పెడతాను. మెట్లు ఉత్తరం వైపు మార్చమని ఇంజనీరుతో మాట్లాడు, చూరు చార దాటకూడదని గట్టిగా చెప్పు. సంతకానికి మాత్రం నువ్వే రావాలి. డయాలసిస్ లేని రోజు చూసి టికెట్టు తియ్యి. మేస్త్రీకి ఆ తర్వాతే కబురు పెడతాను.

నీ
బావ